తాతయ్య తిథి కోసం

మొన్న, వచ్చే ఏటి సెలవుల పట్టీ మద్రాసులో అచ్చయి మా ఆఫీసుకు వచ్చింది. పండుగలు ఎర్ర సిరాతో, మామూలు రోజులు నల్ల సిరాతో, అడుగున ఘనత వహించిన వారి జన్మదినాలు చిన్న అక్షరాలతో, చూడముచ్చటగా ఉంది. బంట్రోతు దాన్ని మేకుకు తగిలించగానే కుర్ర గుమాస్తాలు చుట్టూ మూగి, ఏయే పండుగలు ఆదివారం నాడు పడి దండగైపోయాయో చూసుకుని, ఉసూరుమంటూ తమ తమ బల్లల దగ్గరికి వెళ్లిపోయారు. నేను మాత్రం అలవాటు కొద్దీ పైనుంచి కింది దాకా వారాలు, తిథులు మనసులోనే సరిచూసి, ఒక్క తప్పూ దొరకకపోయేసరికి ఎందుకో కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇలాంటి పట్టీ ఒకటి చేత్తో రాయడానికి నాకు ఒకప్పుడు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేను వెతికింది సెలవులొక్కటే కాదు. గోదావరి మీద రైలు వంతెన లేని రోజులు ఎరిగిన నా ఈడు వారు ఈ సంగతి ఓపికగా వింటారన్న నమ్మకంతో రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండాయి. మాది గోదావరి మీద వల వేసుకుని బతికే కుటుంబం. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివిన పుణ్యాన, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీటిమట్టం చూసి పుస్తకంలో రాసే పని దొరికింది. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి చదవగలిగేవాణ్ణి. లెక్కలు మాత్రం నాకెవరూ నేర్పలేదు. నిన్నటి మట్టం కంటే నేడు ఎంత పెరిగింది, ఈ లెక్కన రేపటికి ఎంతవుతుంది అని కూడుకుంటూ తీసివేసుకుంటూ ఉండగా, వంట ఇంట్లో తిరిగే పిల్లకు వంట వచ్చినట్టు, నాకూ లెక్క వచ్చింది. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో నిలబడ్డ చోటనే చెప్పేవాణ్ణి. దానికి ఆఫీసులో కొంత పేరు కూడా ఉండేది.

అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే పోవడంతో నన్ను పెంచింది మా నాయనమ్మ. ఆమె భర్త, అంటే మా తాతయ్య, ఆనకట్ట కట్టే రోజుల్లో ఒక దొరగారి పడవ నడిపే సరంగుగా ఉండేవాడు. ఆ దొరగారు నది లోతు, వెడల్పు కొలిచేవాడు కనుక జనం ఆయన్ని కొలతల దొర అనేవారు, అసలు పేరేమిటో మా వాళ్లెవరికీ తెలియదు. ఒక చలికాలం ఆ పడవ తెల్లవారుజామున పొగమంచులో బయలుదేరి మరి కనిపించలేదు. విరిగిన చెక్కలు కొన్ని దిగువన ఒడ్డుకు కొట్టుకొచ్చాయి తప్ప మనిషి ఒక్కడూ దొరకలేదు. అప్పుడు నాయనమ్మ నిండు గర్భిణిగా అంతర్వేది దగ్గర పుట్టింటిలో ఉంది. మా నాన్న పుట్టి, పురుడు వెళ్లి, బిడ్డ నిలిచాడని నమ్మకం కుదిరే దాకా నాయనమ్మ తల్లి ఆ కబురు ఆమె చెవిన పడనీయలేదు. ఆ తర్వాత అడిగితే, ఏ రోజున పోయాడో సరిగా చెప్పగలిగిన వాళ్లే లేకపోయారు.

తిథి తెలియని వారికి మహాలయ అమావాస్య నాడు తద్దినం పెట్టుకోవాలన్నది ఆచారం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో అలాగే జరిగేది. కానీ నాయనమ్మకు అది ఎన్నడూ మనస్కరించలేదు. పొద్దుటి నుంచి గిన్నెల మీద విసుక్కునేది, నీళ్ల కుండ మీద విసుక్కునేది. ఆ ఏడు ఆమెకు దగ్గు ఎక్కువగా ఉంది, కంటి చూపు కూడా మందగించింది. విస్తరి దగ్గర నేను కూర్చున్నాక గోడకు చేరగిలబడి, ఎవరితోనో అన్నట్టుగా అంది.

“ఊళ్లో దిక్కూ మొక్కూ లేనోళ్లందరితో కలిపి ఆయనకీ ఓ ముద్దేంట్రా? ఆయనకంటూ ఓ రోజు లేదా?”

ఆమె ఊరుకోలేదు.

“లెక్కలు లెక్కలంటావు కదా. భద్రాచలం కాడ ఎన్నడుగులుంటే ఇక్కడికెప్పుడొస్తాయో చెప్తావు. మీ తాత ఏ రోజున పోయాడో చెప్పలేవా? నేనుండగా చెప్పు. పోయాక నాకెందుకు?”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆమెకు తెలిసినవి రెండే. అది మా నాన్న పుట్టిన సౌమ్య సంవత్సరం. సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి రాకముందు. రెండు పండుగల మధ్య ఉన్న రోజుల్లో ఒకటి పట్టుకోవాలి. ఎలాగైనా పట్టుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

తోవ అనుకోకుండా దొరికింది. ఆ వారంలోనే మా ఓవర్సీరుగారు నన్ను పిలిచి, వచ్చే ఏటికి ఆఫీసు గోడకు ఒక సెలవుల పట్టీ కావాలనీ, హిందువుల పండుగలు, తురకల పండుగలు, క్రైస్తవుల పండుగలు వారాలతో సహా ఉండాలనీ, కొత్తగా వచ్చిన దొరగారికి చూపించేది గనుక గొప్పవారి జన్మదినాలు, మరణ దినాలు కూడా చేర్చాలనీ అన్నారు. ఇవన్నీ దొరికే చోటు రాజమహేంద్రవరంలో ఒక కాలేజీ పుస్తకాల గది ఒక్కటే. ఆయన అక్కడికి ఉత్తరం రాసిచ్చారు. చిక్కల్లా ఒకటే, నాకు సెలవున్న రోజున ఆ గదికీ సెలవే. ఆ సంగతి మనవి చేసుకుంటే ఓవర్సీరుగారు కళ్లజోడు పైకెత్తి చూశారు.

“సెలవుల పట్టీ రాయడానికి నీకు సెలవు కావాలంటావేంటయ్యా? బాగానే ఉంది. బుధవారం మధ్యాహ్నం మట్టం చూసుకుని వెళ్లు. సాయంత్రం మట్టానికి మాత్రం మెట్ల మీద కనపడాలి.”

ధవళేశ్వరం నుంచి అక్కడికి నాలుగు మైళ్లు. పోను గంటంబావు, రాను గంటంబావు. ఏటిగట్టు మీద పరుగులాంటి నడక నడిస్తే పుస్తకాల ముందు కూర్చునే సమయం రెండు గంటలు మిగిలేది. గది తలుపు దగ్గర కాపలా ఉండే ముసలాయన నా ఉత్తరాన్ని తిరగేసి మరగేసి చూసి, అందులో ఒక్క ముక్కా చదవలేకపోయినా, సంగతి నా నోటితోనే చెప్పించుకున్నాడు.

“సెలవుల కోసం వచ్చావా? అయితే సెలవు రోజున రా బాబూ. తలుపేసుంటుంది, నాకూ హాయి.”

నేను వల లాగే పల్లెవాళ్ల పిల్లవాణ్ణని నా భుజాలు చూసే గ్రహించాడు కాబోలు, లోపల బల్ల దగ్గరికి కాక గుమ్మం పక్కన ఒక పీట చూపించాడు. నాకు కావలసింది పుస్తకం గానీ పీట ఎత్తు కాదు గనుక కూర్చున్నాను. పుస్తకాలు చూసే పంతులుగారు, కాలేజీలో తెలుగు చెప్పేవారు, సన్నటి మనిషి, మూడో బుధవారం నాడు అటుగా వస్తూ నన్ను చూసి, వెలుతురు లేని చోట ఆ చిన్నక్షరాలు చదివితే కళ్లు పోతాయని చెప్పి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ముసలాయన ఆ తర్వాత పీట సంగతి ఎత్తలేదు.

పట్టీకి కావలసిన పండుగలూ గొప్పవారూ మొదటి మూడు వారాల్లోనే చాలావరకు దొరికారు. ఈస్టరు ఏటేటా ఎందుకు కదులుతుందో, ఏ పున్నమి తర్వాత ఏ ఆదివారమో లెక్క తెలిసినప్పుడు, మన పండుగల మాదిరే అదీ చంద్రుడి వెంట నడుస్తుందని ఎంత సంతోషించానో చెప్పలేను. అయితే గొప్పవారి మరణ దినాలు రాసుకుంటూ ఉండగానే నాకు అసలు ఆలోచన తట్టింది. సరంగు పోయిన రోజు ఎవరూ రాసిపెట్టరు. దొర పోయిన రోజు ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఒకే పడవ గనుక ఇద్దరిదీ ఒకటే రోజు.

ధవళేశ్వరంలో దొరల సమాధులు నేను అంతకు ముందే చూశాను. శరీరం దొరకని మనిషికి సమాధి లేదు. ఘనుల చరిత్రల పుస్తకంలో పేర్లు అక్షరాల వరుసన ఉంటాయి, నాకేమో పేరే తెలియదు. ఇక మిగిలింది మద్రాసు నుంచి వారానికోసారి వచ్చిన పాత ఇంగ్లీషు పత్రికలు. ఎవరో పెద్దమనిషి ఇచ్చి వెళ్లిన ఆ పత్రికలు ఏడాదికొక బొత్తిగా కుట్టి, కింది అరలో ఉండేవి.

అంతకు కొన్నేళ్ల ముందే నేను ఒక కాగితం మీద ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తెలుగు సంవత్సరాల పేర్లు రాసి, ఒక్కొక్క దాని ఎదుట దానికి సరిపడే ఇంగ్లీషు సంవత్సరం వేసుకున్నాను. ఆ పట్టిక మీద నాకు చాలా గర్వం. సౌమ్యకు ఎదురుగా ఉన్న సంవత్సరం బొత్తి తీసుకుని జనవరి నుంచి మొదలుపెట్టాను. వేలు పెట్టి చదవడం, తెలియని మాట వస్తే పంతులుగారి నిఘంటువు తిరగేయడం. ఓడల రాకపోకలు, నీలిమందు ధరలు, ఎవరి పెళ్లిళ్లో, ఎవరి గుర్రాల అమ్మకాలో, అన్నీ చదివాను. జనవరిలో లేదు, ఫిబ్రవరిలో లేదు, మార్చిలో లేదు. కబురు ఆలస్యంగా చేరిందేమోనని ఏప్రిలు చదివాను, మే చదివాను. అలా ఎనిమిది బుధవారాలు గడిచి డిసెంబరు ఆఖరి పత్రిక కూడా అయిపోయింది. కొలతల దొర ఎక్కడా లేడు.

ఆ రోజు తిరుగు నడకలో కాళ్లు చాలా బరువనిపించాయి. ఇంటి దగ్గర నాయనమ్మ ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. బుధవారం నేను చెంబు పట్టుకుని కాళ్లు కడుక్కుంటుంటే ఆ చప్పుడు వినే దిక్కుగా తల తిప్పి, నా అడుగుల తీరును బట్టి సంగతి తెలుసుకుని, దగ్గుతూ లోపలికి పోయేది.

మర్నాడు ఆఫీసులో పట్టీకి సాపు ప్రతి రాయడానికి కూర్చున్నాను. ఒక వరుస ఇంగ్లీషు తేదీ, ఒక వరుస వారం, ఒక వరుస తెలుగు మాసం, తిథి, ఆఖరున పండుగ పేరు. మొదటి కాగితం తలమీద తెలుగు సంవత్సరం పేరు వేయబోయి ఏది వేయాలో తోచక ఆగాను. జనవరిలో సంక్రాంతి, ఆ తర్వాత శివరాత్రి, ఇవి రెండూ ఇంకా పాత సంవత్సరంలోవే. కొత్త పేరు వచ్చేది ఉగాది నుంచి. అంటే ఒక ఇంగ్లీషు సంవత్సరంలో తెలుగు పేర్లు రెండు ఉంటాయి. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పోయిన మనిషి, తెలుగు లెక్కన సౌమ్యలో పోయినా, ఇంగ్లీషు లెక్కన ఆ మరుసటి సంవత్సరంలో పోయినట్టు. ఇంత చిన్న సంగతి, పంచాంగం చూసే ఏ ముసలాయనైనా చెప్పేది, నా అందమైన పట్టికలో ఒక పేరుకు ఒక సంవత్సరమే ఉండటం వల్ల నాకు తట్టలేదు. రెండు నెలల పాటు తప్పు బొత్తిలో తాతయ్యను వెతికాను. కలం కింద పెట్టి, సిగ్గుతో కాసేపు చేతులు ముడుచుకుని కూర్చున్నాను. తర్వాత ఆ పట్టికను చింపి, ప్రతి పేరుకూ ఎదురుగా రెండేసి సంవత్సరాలతో మళ్లీ రాశాను. ఆ కొత్త పట్టిక ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మరుసటి బుధవారం సరైన బొత్తి తీశాను. మార్చి మొదటి వారం పత్రికలో, మూడో పుటలో, గోదావరి అన్న మాట కనపడింది. దొరగారి గురించి ముప్పై ఒక్క పంక్తులు ఉన్నాయి, నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఆయన ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చదివాడు, ఎన్ని మైళ్ల నది కొలిచాడు, వాళ్ల దేశంలో ఆయన తల్లి ఇంకా బతికే ఉందన్న సంగతి కూడా రాశారు. ఓడ ఎక్కి ఆ కబురు ఆ తల్లికి చేరేసరికి ఎన్ని నెలలు పట్టి ఉంటుందో అనుకోగానే నాకు ఒక్క క్షణం మా నాయనమ్మ కళ్ల ముందు మెదిలింది. తేదీ ఉంది, తెల్లవారుజామున అని వేళ కూడా ఉంది. ముప్పై ఒకటో పంక్తిలో సగం దగ్గర, ఆయనతో పాటు నలుగురు నేటివు కళాసులు, అంటే ఈ దేశపు పడవ పనివాళ్లు, అని ఉంది. అంతే. ఆ నలుగురికీ కలిపి సగం పంక్తి. అందులో మా తాతయ్య వాటా ఎంతో వేసుకోవడానికి లెక్కలు వచ్చిన నాకు కూడా చెయ్యి రాలేదు.

తేదీ దొరికితే చాలదు, తిథి కావాలి. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజుల మీద కొంచెం, ఆ కొంచెమే ఏళ్ల తరబడి కూడితే పెద్దదవుతుంది. దాదాపు ఐదు వందల అమావాస్యలు వెనక్కి నడిచి లెక్కవేస్తే మాఘ శుద్ధ దశమో, ఏకాదశో అని రెండింటి మధ్య తేలింది. చంద్రుడు ఎప్పుడూ ఒకే వేగంతో నడవడు కనుక నా లెక్కకు అంతకంటే నిగ్గు రాదు. అప్పుడు పంతులుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, నా గుణకారాలు ఒకటి రెండు చూసి, ఇది ఎవరు నేర్పారయ్యా అని అడిగి, ఎవరూ లేరంటే మిగిలిన గుణకారాలు కూడా చూశారు. వచ్చే బుధవారానికి తమ తండ్రిగారి నాటి పంచాంగాన్ని పసుపు గుడ్డలో చుట్టి తెచ్చారు. వేలు పెట్టి చూపించి అన్నారు.

“ఏకాదశే. భీష్మ ఏకాదశి. మీ తాత మంచి రోజు చూసుకునే వెళ్లాడయ్యా.”

మాఘ శుద్ధ ఏకాదశి అంటే అంతర్వేదిలో రథం లాగే రోజని మన వైపు వారికి చెప్పనక్కరలేదు. నేను సంతోషంతో ఇంటికి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, నాయనమ్మ ముందు కూర్చుని చెప్పాను. ఆమె వల దారం చుట్టుకుంటోంది. చెయ్యి ఆగింది.

“రథం రోజా?”

అవునన్నాను. ఆమె దారం ఉండ పక్కన పెట్టింది.

“ఆ ఏడు మా అమ్మ నాకు దూరం నుంచి రథం సూపించింది. పుట్టబోయేవాడికి మంచిదని. ఆ తరవాత ఏటా ఎల్తానే ఉన్నాను. తాడు పట్టుకున్నాను, జీళ్లు కొనుక్కు తిన్నాను. అయితే ఆయన పోయిన రోజున ఏటేటా నేను జీళ్లు తింటన్నానన్నమాట.”

ఎందుకు వెతికానా అనిపించింది. మూడు నెలలు నడిచి, నడిచి, ఆమెకున్న ఒక్క పండుగను తీసేశానేమో అని రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున ఆమే నన్ను లేపింది.

“ఒరే, పడవెప్పుడుందో కనుక్కో. ఈ ఏడు ఇద్దరం ఎల్దాం. ఏకాదశినాడు నీళ్లు వదులు. ద్వాదశినాడు అన్నం పెడదాం. ఉపోసం నాడు ఆయనకి మాత్రం అన్నం ఎక్కుద్దా?”

సెలవు అడిగితే ఓవర్సీరుగారు గోడ మీది పట్టీ వైపు చూసి, నువ్వే రాసిన దాంట్లో ఆ రోజు సెలవు లేదు కదయ్యా అన్నారు గానీ, సంగతి విన్నాక వారం రోజులు ఇచ్చారు. రెండు రోజులు పడవలో దిగువకు వెళ్లాం. గోదావరి సముద్రంలో కలిసే చోట, వేల మంది మధ్య, నేను నడుములోతు నీళ్లలో నిలబడి తాతయ్య పేరు చెప్పి మొదటిసారి ఆయన రోజున ఆయనకు నీళ్లు వదిలాను. నాయనమ్మ ఒడ్డున జీళ్ల పొట్లం పట్టుకుని నిలబడింది. ఎందుకు కొన్నావంటే, “నాకు కాదులే, ఆయనకిష్టం” అని, పొట్లం విప్పి, ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టుగా నీటిలోకి వేసింది.

ఆ తిరునాళ్లలోనే ఆమె కనపడిన వాళ్లందరికీ మా మనవడు లెక్క తేల్చాడని చెప్పింది. ఆ మాట పల్లెల వెంట పోయి, ఆ వేసంగిలో మా ఇంటికి అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, ఆమె అన్న అదే పడవలో ఉన్నాడట. మరుసటి ఏడు గోదావరి లంకలోని ఒకాయన వచ్చాడు, అతని తండ్రీ అందులోనే పోయాడట. ఇద్దరికీ తిథి కాగితం మీద రాసిచ్చాను. వారికి చదువు రాదు, అయినా ఆ కాగితాన్ని ఇద్దరూ కళ్లకద్దుకున్నారు. నాయనమ్మ ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. ఐదుసార్లూ నా వెంట వచ్చింది.

ఇప్పుడు దిగువకు పొగ పడవలు వచ్చాయి, పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగుతాం. పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ ఊరి కరణంగారే పుస్తకంలో ఎక్కిస్తున్నారు గనుక నాలాగా ఎనిమిది బుధవారాలు తప్పు బొత్తి చదవవలసిన అవసరం ఇక ఎవరికీ రాదు, అది మంచిదే. ఒకటే వెలితి. రోజు తెలియనంత కాలం మా నాయనమ్మ ఆ మనిషిని ఏడాది పొడుగునా తలుచుకునేది. రోజు చేతికి వచ్చిన నేను ఏడాదికి రెండు రోజులు తలుచుకుంటున్నాను.

ఆ సగం పంక్తిలోని నలుగురిలో ఒకరి వాళ్లు మాత్రం ఇంతవరకూ రాలేదు. ఏటా సంగమం దగ్గర తాతయ్యకు వదిలాక, పేరు తెలియని ఆయనకు కూడా ఒక దోసెడు వదులుతున్నాను. ఇది చదివే వారి ఇళ్లలో, ఆనకట్ట కట్టే రోజుల్లో కొలతల దొర పడవలో పనికి వెళ్లి తిరిగిరాని మనిషి ఎవరైనా ఉంటే, వారికి మహాలయ అమావాస్య నాడు పెట్టనక్కరలేదు. ఆయన పోయింది మాఘ శుద్ధ ఏకాదశి, తెల్లవారుజామున.